శివమ్మకు కుడి పైట

పాశమైలారం పారిశ్రామికవాడలో నా చెరుకు రసం తాగని కార్మికుడు లేడు. ఉన్నాడంటే వాడికి షుగరైనా ఉండాలి, నా మీద కోపమైనా ఉండాలి. ఒడిశా నుంచి వచ్చిన ఒకాయన నా దగ్గర రెండు గ్లాసులు తాగి, చేతిలో ఉన్న రైలు టికెట్టు చింపేసి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇంటర్ చదువుతుండగా కాలేజీ నన్ను వదులుకుంది. ఆ నష్టం నుంచి అది ఇంకా తేరుకోలేదని అటు వెళ్లొచ్చినవాళ్లు చెబుతుంటారు.

నేను చెప్పే దాంట్లో సగం తీసేసి వినడం ఇక్కడివాళ్లకు అలవాటే. చంద్రికక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఏమీ తీసేయొద్దు. ఆమె విషయంలో నేను కలపడానికి పెద్దగా చోటు దొరకలేదు.

చంద్రికక్కది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. కూలి చేసుకుని బతికిన ఇల్లు. తల్లి శివమ్మ ఇప్పటికీ పత్తి చేన్లకు, కలుపులకు వెళుతుంది. అక్క మాత్రం పెళ్లయ్యాక భర్త పాండుతో ఇక్కడికి వచ్చి, ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిలో చేరింది. నా రసం బండి వెనకాల రేకుల ఇంట్లో కిరాయికి ఉంటారు. పాండు బావ అదే కంపెనీలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మాట తక్కువ మనిషి. ఆ కొరత నేను తీరుస్తుంటాను.

బొమ్మలు చెక్కి కాగితం మీద అచ్చు వేసే పిచ్చి అక్కకు అట్టపెట్టెల దగ్గర మొదలైంది. పెట్టెల మీద బ్యాచ్ నంబరు కొట్టే రబ్బరు ముద్ర ఒకసారి అరిగిపోయింది. కొత్తది రావడానికి ఆలస్యమైంది. అక్క ఒక పాత చెప్పు అడుగు కోసి, బ్లేడుతో అంకెలు చెక్కి ముద్ర చేసింది. అంకెలు తిరగేసి చెక్కితేనే పెట్టె మీద సరిగ్గా పడతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మొదటి చెప్పు పాడయ్యాక తెలిసింది. రెండో చెప్పుతో కుదిరింది. సూపర్‌వైజరు ముద్రను అటూ ఇటూ తిప్పి చూసి పనిలో పెట్టాడు. ఆ రోజు నుంచి అక్క చేతులు ఊరుకోలేదు.

బొమ్మలు అచ్చు వేసేవాళ్లు వాడే సరంజామా పట్నంలో దొరుకుతుంది. దాని ధర అడిగి ఆమె తిరిగొచ్చేసింది. తర్వాత సరంజామా అంతా ఈ చుట్టుపక్కల నుంచే పుట్టించింది. యాదన్న పాత ఇనుప సామాన్ల దుకాణంలో తెగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్కలు పడి ఉంటాయి. అవి ఆమె చెక్కే పలకలయ్యాయి. విరిగిన గొడుగు పుల్లలు చూశారా, లోపల సన్నటి కాలువలా ఉంటాయి. వాటి కొన నూరి, పిడికి కర్రముక్క తొడిగితే ఉలి అయింది. సంగారెడ్డిలో పెళ్లి కార్డులు కొట్టే ప్రెస్సువాళ్లు డబ్బాల అడుగున మిగిలిన సిరా, కత్తిరించగా మిగిలిన మందపాటి కాగితం ఇస్తారు. చపాతీ కర్రకు సైకిలు ట్యూబు తొడిగితే సిరా పూసే రోలరు. ఆ తర్వాత కొన్నాళ్లు పాండు బావ తిన్న చపాతీలకు అంచు నీలంగా ఉండేది. ఆయన ఒప్పుకోడు గానీ, నేను చూశాను.

ఇక అచ్చు. సిరా పూసిన పలక మీద కాగితం పరిచి, స్టీలు గరిటె వెనక వైపుతో గీకి గీకి ఒత్తేది. ఒక బొమ్మ లేచేసరికి మణికట్టు వాచేది. పెట్టెలు మోసే చెయ్యి, మళ్లీ ఇదే చెయ్యి. ఒకరోజు ఆమె చేతికి గుడ్డ కట్టుకుని నా బండి దగ్గర నిలబడి, చెరుకు రోలర్ల మధ్య నలిగి చదునుగా బయటికి రావడం చాలాసేపు చూసింది. మోటారు మిషను కొన్నాక నా పాత చేతి మిషను మూలన పడి ఉంది. అది కావాలని అడిగింది. ఆ మిషనును చిన్నచూపు చూడొద్దు. ఒకప్పుడు చెరుకుతో పాటు పొరపాటున పోయిన సైకిలు చువ్వను కూడా పిండి రసం తీసిన మిషను అది.

మొదటి బొమ్మ రోలర్ల గాట్లు పడి పులిచారలతో వచ్చింది. చెరువు దగ్గర కొంగ బొమ్మ అది. కొంగకు పులి చారలు. దాన్ని అలాగే అమ్ముదామని నేను సలహా ఇస్తే అక్క నా మాట వినలేదు. పైన కింద రేకులు పెట్టి, మధ్యలో శివమ్మ ఇచ్చిన పాత గొంగడి ముక్కలు పరిచి, పై బోల్టులు కొంచెం వదులు చేసింది. అప్పుడు బొమ్మ నున్నగా లేచింది. కానీ ఆ విడత బొమ్మలన్నీ ఆరబెడితే తెల్లారేసరికి చీమలు పట్టాయి. మిషను పళ్లలో పాత తీపి ఇంకా ఉందన్నమాట. మన ప్రాంతంలో చంద్రికక్క బొమ్మలను మొదట మెచ్చుకున్నది చీమలేనని నేను అందరికీ చెబుతుంటాను. ఆమె మిషనును సోడాతో కడిగింది. ఇప్పటికీ వారానికోసారి కడుగుతుంది.

చీమల తర్వాత మెచ్చుకున్నది హైదరాబాదువాళ్లు. శ్రావ్య అనే అమ్మాయి అక్కడ చేతిపని వస్తువుల దుకాణం నడుపుతుంది. పొగగొట్టం మీద వాలిన కొంగలు, కంపెనీ బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు, ప్రహరీ గోడ నీడలో పడుకున్న బర్రె, ఇవన్నీ ఆమె తీసుకునేది. అమ్ముడుపోయేవి. అక్కకు సంతోషమే. కానీ లోపల ఒక ముల్లు ఉండేది. ఆ బొమ్మల్లో ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా ఒక్క బొమ్మ కొనలేదు. తోటి పనివాళ్లు చూసి బాగుందనేవాళ్లు. కింద తేదీలు వేసి క్యాలెండరు చేస్తే ఊరికే ఇస్తావా అని అడిగేవాళ్లు. బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె తన ముక్కు అంత పెద్దది కాదని తగువు పెట్టుకుని వెళ్లిపోయింది.

దీని మీద శివమ్మకు ఒకటే మాట. ఆదివారం కూతుర్ని చూడటానికి వచ్చినప్పుడల్లా, సిరా అంటిన బకెట్టు చూసి అనేది.

"గోడ మీద దేవుండ్లుంటరు, లేకుంటే పోయినోళ్లుంటరు బిడ్డా. బతికున్న కూలోళ్లను ఎవలన్న మేకు కొట్టి పెట్టుకుంటరా?"

అది నిజమే. మా ఇండ్లలో గోడకు ఎక్కాలంటే దేవుడైనా అయి ఉండాలి, చనిపోయైనా ఉండాలి. చనిపోయినవాళ్ల ఫొటోకు బొట్టు పెడతారు, దండ వేస్తారు. బతికున్న మనిషి బొమ్మకు దండ పడిందంటే ఆ మనిషికి కీడని పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు. శివమ్మ అయితే గోడల వైపు చూడటానికే ఇష్టపడదు.

అలాంటి శివమ్మనే అక్క చెక్కింది.

తల్లి పొద్దున చేనుకు బయల్దేరే తీరు. నెత్తి మీద సద్ది మూట, ఒక చెయ్యి దాని మీద, ఇంకో చేతిలో కొడవలి, భుజం మీదుగా తెచ్చి నడుముకు బిగించిన కొంగు. ముఖంలో నవ్వు లేదు, ఏడుపూ లేదు. ఆలస్యమైపోతోందన్న తొందర ఒక్కటే ఉంది. యాదన్న దగ్గర దొరికిన అన్నిటికంటే పెద్ద బెల్టు ముక్క మీద చెక్కింది. కింద మూలన తన పేరు. అచ్చు వేస్తున్నప్పుడు హ్యాండిలు తిప్పింది నేనే. కాబట్టి ఈ కళలో నాకూ వాటా ఉంది.

ఆ రోజుల్లోనే కంపెనీ అక్కను లైన్ లీడరుగా వేస్తామన్నది. పేరు పెద్దది, పని ఇంకా పెద్దది. సాయంత్రాలు పోతాయి, ఆదివారాలు పోతాయి. ఒప్పుకుంటే ఇక గొడుగు పుల్లలు పట్టే తీరిక ఉండదు. ఒప్పుకోకపోతే మళ్లీ అడగరు. సోమవారానికల్లా చెప్పాలి. పాండు బావ అలవాటు ప్రకారం, నీ ఇష్టం అన్నాడు. అంతకంటే ఎక్కువ ఆయన మాట్లాడితే నాకే భయమేస్తుంది.

శనివారం అక్క నా బండి దగ్గరికి వచ్చి రసం వద్దన్నది. అప్పుడే అనుకున్నాను, సంగతి పెద్దదని.

"తమ్మీ, రేపు ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోతున్న. అమ్మవారి కాడ నవరాత్రుల జనం ఉంటరు. అంత మనోళ్లే. ఒక్కరన్న బొమ్మ తీస్కపోయి మా ఇంట్ల పెట్టుకుంట అంటే ఈ పని ఇడువ. లేకుంటే సోమవారం సంతకం పెడ్త."

"గీ పాటి దానికి గంత దూరమెందుకక్కా. నేను తీస్కుంట. నా దుకాణంల పెడ్త."

"నువ్వు లెక్కల రావు. నీ దుకాణానికి గోడలే లేవు."

మరునాడు పొద్దున ఆటోలో ముగ్గురం వెళ్లాం. శివమ్మ అమ్మవారి దర్శనానికి, అక్క తన తీర్పు కోసం, నేను సామాను మోయడానికి. దారి పొడుగునా శివమ్మ బొమ్మల కట్టను ఒడిలో పెట్టుకుని కూర్చుంది గానీ విప్పి చూడలేదు. అందులో తను ఉన్నట్టు ఆమెకు ఇంకా తెలియదు.

గుడికి వెళ్లే దారిలో గాజుల అంగడి పక్కన చోటు దొరికింది. గాజులమ్మే అరుణమ్మ కొంచెం జరిగి, తన పరదా కట్టెకు మా తాడు కట్టుకోనిచ్చింది. తాడుకు బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీశాం. నడుమ పెద్దది, శివమ్మది. చుట్టూ కొంగలు, బర్రె, బస్సు. శివమ్మ అప్పటికే కొబ్బరికాయ పట్టుకుని వరసలో నిలబడటానికి వెళ్లిపోయింది.

జనం బాగానే ఆగారు. నడుమ ఉన్నది ఏ అమ్మవారని అడిగారు. చేతిలో త్రిశూలం లేదేమని ఒకాయన, సింహం ఎక్కడుందని ఇంకొకాయన. కూలిమనిషి అని చెబితే, ఓహో అని ముందుకు నడిచారు. ఒక పిల్లవాడు బర్రె బొమ్మ కావాలని ఏడిస్తే వాళ్ల నాన్న బూర కొనిచ్చాడు. నేను నా వంతుగా, ఈ బొమ్మ ఇంట్లో పెట్టుకున్న ఒకాయన చేన్లో పత్తి భుజాల ఎత్తు పెరిగిందని రెండు మూడుసార్లు అరిచాను. అక్క కళ్లతోనే నా నోరు మూయించింది.

ఎండ ఎక్కాక అంగడి కొంచెం పలచబడింది. అరుణమ్మ తీరిగ్గా తలెత్తి పెద్ద బొమ్మను చూసింది.

"గీమె ఏ ఇంటామె బిడ్డా? కుడి పైట ఉన్నది."

అక్క ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత బొమ్మ వైపు తిరిగింది. నేనూ తిరిగాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు పాతకాలంలో కొన్ని ఇండ్ల ఆడవాళ్లు పైట కుడి భుజం మీద వేసుకునేవాళ్లు, కొన్ని ఇండ్లవాళ్లు ఎడమ భుజం మీద. ఫలానా ఇంటి మనిషి అని దూరం నుంచే పైట చెప్పేది. ఇప్పుడు అందరిదీ ఎడమే అయిపోయింది. శివమ్మది మొదటి నుంచీ ఎడమే. బొమ్మలో మాత్రం కొంగు కుడి భుజం మీద ఉంది.

పలక మీద ఎడమ పక్క చెక్కింది కాగితం మీద కుడి పక్క పడుతుంది. అంకెలతో ఆ పాఠం చెప్పు పాడుచేసుకుని మరీ నేర్చుకున్న మనిషి అక్క. అక్షరాలంటే తిరగేయాలని ఆమె చేతికి తెలుసు. అమ్మను కూడా తిరగేయాలని తట్టలేదు. ఇదివరకటి కొంగలకు, బర్రెకు ఏ పక్కైతే ఏమిటి, ఎవరూ అడగలేదు. ఇన్ని బొమ్మలు లాగాం, ఆమే చూసుకోలేదు. నేను హ్యాండిలు తిప్పే మనిషిని, నన్ను అనొద్దు.

సరిగ్గా అప్పుడే శివమ్మ దర్శనం చేసుకుని, నుదుట పసుపు బండారి బొట్టుతో, కొబ్బరి చిప్ప పట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు ఆగింది. సద్ది మూట చూసింది, ముఖం చూసింది. చూస్తూ చూస్తూ తన భుజం మీద చెయ్యి వేసుకుంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నా కొంగు తీసి అటు పక్కకేసినవ్. కొడవలి తెచ్చి ఎడమ చేతికిచ్చినవ్. నీ పేరు మాత్రం సక్కగ రాసుకున్నవ్ బిడ్డా."

అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుని ఒక్కో క్లిప్పు తీయడం మొదలుపెట్టింది. ముందు కొంగలు దిగాయి, తర్వాత బస్సు. సోమవారం సంతకం పెట్టే చెయ్యి ఎలా ఉంటుందో నాకు అప్పుడు కనిపించింది. నోట్లోకి ఒక్క అబద్ధం కూడా రాని సందర్భాలు నాకు తక్కువ.

పెద్ద బొమ్మ మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి ఎవరో ఆగమన్నారు. ఒక ముసలమ్మ. మనవరాలి భుజం పట్టుకుని నిలబడి ఉంది. పేరు రాజవ్వ అని తర్వాత తెలిసింది. ఆమె దగ్గరికి వచ్చి, కాగితానికి వేలెడు దూరంలో కళ్లు పెట్టి, పై నుంచి కింది దాకా చూసింది. ఆ చూపు అయ్యేదాకా అంగడి మొత్తం ఆగినట్టు అనిపించింది నాకు.

"మా అమ్మ," అన్నది మనవరాలితో. "గిట్లనే పోతుండె. కుడి పైట. సద్ది మూట మీద చెయ్యి. ఎనక మేము ఏడ్సుకుంట ఉరుకుతుంటిమి, మల్లి సూడకపోతుండె."

తల్లికి ఫొటో లేదట. తండ్రికి ఉంది, అన్నకు ఉంది, గోడ మీద ఉన్నారు. తల్లి ఒక్కతి లేదు. పండగలప్పుడు అందరికీ దండలు వేసి, తల్లి కోసం వట్టి గోడకు బొట్టు పెడతానని చెప్పింది. ఈ బొమ్మ ఇస్తే అక్కడ పెట్టుకుంటానన్నది. దండ వేసుకుంటానన్నది.

అక్క ఇన్నాళ్లుగా వినాలనుకున్న మాట అది. మనోళ్ల మనిషి, మన ఇంటి గోడ. నేనైతే అప్పటికే చుట్టేసి చేతిలో పెట్టి ఉండేవాణ్ని. అక్క మాత్రం కాగితం వదల్లేదు. ఆమె కళ్లు తల్లి వైపు వెళ్లాయి. దండ అన్న మాట శివమ్మ చెవిన పడింది. కొబ్బరి చిప్ప పట్టుకున్న చెయ్యి గట్టిపడింది.

"అవ్వా, నీకు అబద్ధం చెప్ప," అన్నది అక్క. "గిది మీ అమ్మ గాదు. మా అమ్మ. నేను చెక్కుడు తప్పితే పైట అటు పడ్డది. అగో, ఆమెనే. బతికి సల్లగున్నది. దండ ఏస్తనంటే నేనెట్లియ్యాలె?"

రాజవ్వ తిరిగి శివమ్మను చూసింది. రాజవ్వ ముఖం మెల్లగా దిగిపోయింది. బతికున్న మనిషి ముందర ఆమె బొమ్మకు దండ అడిగినందుకు సిగ్గుపడింది. తప్పయింది చెల్లె, అని మనవరాలి భుజం మీద చెయ్యి సర్దుకుంది.

శివమ్మ కదిలింది. అక్క చేతిలోంచి బొమ్మ తీసుకుని, దూరంగా పట్టుకుని చూసింది. ఆ నిమిషంలో ఆమె ఏం ఆలోచించిందో నేను కల్పించి చెప్పగలను. చెప్పను.

"అక్కా, ఆగు. మా పోరి ఎర్క లేక చెప్తున్నది. నాది పుట్టినకాడికెల్లి ఎడమ పైట. నేను కొడవలి కుడి చేత పడ్త. ఇగ గీమె నేనెట్ల అయిత? గీమె మీ అమ్మనే. తీస్కపో."

"దండ ఏస్త మరి," అన్నది రాజవ్వ, అనుమానంగా.

"ఎయ్యి. మంచిగ బంతిపూలది ఎయ్యి."

రాజవ్వ నడుము దగ్గరి సంచి విప్పబోతే అక్క వద్దన్నది. అమ్మను ఊరికే తీసుకుపోతారా అని రాజవ్వ గదమాయించి డబ్బు చేతిలో పెట్టింది. మనవరాలు కాగితం చుట్టబోతే, మడత పడుతుందని రాజవ్వ తనే రెండు చేతులా పట్టుకుని, తెరచాపలా తల పైకి ఎత్తుకుని జనంలోకి నడిచింది. చాలా దూరం దాకా ఆ కుడి పైట మనిషి జనం తలల మీదుగా కనిపిస్తూ వెళ్లింది. ఆమె వెనక్కి చూడలేదు.

అరుణమ్మ ముక్కు చీదుకుని, తన పరదా కట్టెకు కట్టినందుకు కిరాయిగా బర్రె బొమ్మ ఇమ్మన్నది. ఇంటికి తీసుకుపోయి పెట్టుకుంటానన్నది. దేవుడు కాదు, పోయినవాళ్లు కాదు, బర్రె. ఆ లెక్కన మా ప్రాంతపు గోడల చరిత్రలో అదే మొదటిదని నా నమ్మకం.

సోమవారం అక్క సంతకం పెట్టలేదు. ఎందుకని కంపెనీవాళ్లు అడిగితే, ఆదివారాలు పని ఉందని చెప్పిందట. పాండు బావ ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి గ్లాసు రసం తాగి, మంచిగైందన్నాడు. ఆయన జీవితంలో అది పెద్ద ప్రసంగం.

తర్వాతి ఆదివారం అక్క ఇంకో పలక మీద తల్లిని మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ముందు పల్చటి కాగితం మీద గీసి, దాన్ని బోర్లా తిప్పి, వెలుతురుకు పెట్టి చూసుకుని, అప్పుడు చెక్కింది. సిరా పూస్తుండగా శివమ్మ వచ్చింది. పలక మీదికి వంగి చూసింది.

"మల్ల గట్లనే చేసినవా? కొంగు అటే ఉన్నది గద."

"జెర ఆగవే అమ్మా," అన్నది అక్క, నాకు సైగ చేస్తూ.

నేను హ్యాండిలు తిప్పాను. గొంగడి ముక్కలు, రేకులు, పలక అన్నీ కలిసి అవతలికి వచ్చాయి. అక్క కాగితం మూల పట్టుకుని మెల్లగా లేపింది. శివమ్మ కాసేపు బొమ్మలో భుజం చూసింది, కాసేపు తన భుజం చూసుకుంది. కొడవలి ఏ చేతిలో ఉందో చెయ్యి ఎత్తి సరిచూసుకుంది. ముక్కు కొంచెం పెద్దదైందన్నది.

ఆరాక దాన్ని తనే తీసుకుంది. గోడకు పెట్టనియ్యలేదు. పాత చీర మడతల మధ్య పెట్టి, సంచిలో అడుగున సర్దుకుంటూ, కూతురి వైపు చూడకుండా చెప్పింది.

"నా పెట్టెల ఉంటది. నేను పొయ్యినంక తియ్యి. గప్పుడు నువ్వే మేకు కొట్టు."